షోస్టకోవిచ్ ఐదో సింఫనీ: ఆ ముగింపు విజయమా, బలవంతపు సంబరమా?

అమెరికన్ కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టయిన్ 1959లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగ్ పెట్టుకుని, సోవియట్ సంగీత రచయిత షోస్టకోవిచ్ ఐదో సింఫనీ చివరి నిమిషం వినండి. జెండాలు పట్టుకుని పరుగెత్తే జనం కళ్ళముందు కదులుతారు. ఆ తర్వాత చెల్లో విద్వాంసుడు, కండక్టర్ రోస్ట్రోపోవిచ్ నడిపించిన రికార్డింగ్‌లో అదే చోటు వినండి. అవే స్వరాలు, అవే బాకాలు, అవే డోళ్ళు. కానీ ఇప్పుడు జనం పరుగెత్తడం లేదు. వెనక ఎవరో కర్ర పట్టుకుని నిలబడితే కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు.

కాగితం మీద మాత్రం రెండూ ఒకటే. మరి ఇందులో ఏది షోస్టకోవిచ్ మనసులో ఉన్నది? ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా పుస్తకాలు, పోట్లాటలు నడుస్తున్నాయి. 2025తో ఆయన చనిపోయి 50 ఏళ్ళు నిండాయి. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో గెవాండ్‌హౌస్ అనే సంగీతశాల వాళ్ళు ఆయన కోసం ఏకంగా ఒక ఉత్సవమే జరిపారు. 2026కి ఆయన పుట్టి 120 ఏళ్ళు. సంగీతం మళ్ళీ విరివిగా వినబడుతోంది, దాని వెంటే పాత వాదమూ లేచింది. స్టాలిన్‌కి లొంగిన మనిషా, లోపల్లోపల ఎదిరించిన మనిషా?

విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కొన్న సోవియట్ పుస్తకాలతో పెరిగిన తెలుగు పాఠకులకి గోగోల్, చెహోవ్, గోర్కీ ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. ఆ దేశపు సంగీతం మాత్రం మన దాకా అంతగా రాలేదు. అందుకే మొదటి మెట్టు నుంచి వెళ్దాం.

మాటల్లేని సంగీతానికి అర్థం ఎక్కడినుంచి వస్తుంది

సింఫనీ అంటే పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసిన పొడవైన రచన. మామూలుగా నాలుగు భాగాలుంటాయి, వాటిని మూవ్‌మెంట్లు అంటారు. ఐదో సింఫనీ మొత్తం మూడు పావుగంటలు నడుస్తుంది. మన కచేరీలో గాయకుడు అక్కడికక్కడ మనోధర్మంతో రాగాన్ని పెంచుతాడు కదా, ఇక్కడ అలా కుదరదు. ఏ వాయిద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో రచయిత ముందే రాసిపెడతాడు. ఆ రాతప్రతిని స్కోర్ అంటారు. కండక్టర్ చేతిలో మిగిలేవి వేగం, బలం, ఎక్కడ ఒత్తి పలకాలి అన్న నిర్ణయం.

ఇంకో రెండు మాటలు తెలిస్తే చాలు: మేజర్, మైనర్. మన స్వరాల్లో చెప్పుకుంటే సులువుగా అందుతాయి. మేజర్ స్కేలులోవి శంకరాభరణం స్వరాలు, మైనర్ స్కేలులోవి నటభైరవి స్వరాలు. చెవికి ముందుగా తెలిసే తేడా గాంధారం దగ్గర ఉంటుంది. శంకరాభరణంలో అంతర గాంధారం, నటభైరవిలో దానికి ఒక మెట్టు కింద సాధారణ గాంధారం. పాశ్చాత్య సంప్రదాయంలో కొన్ని వందల ఏళ్ళుగా మైనర్‌ని దుఃఖానికీ మేజర్‌ని వెలుగుకీ వాడుతూ వచ్చారు. మైనర్‌లో మొదలై మేజర్‌లో ముగిసే సింఫనీ అంటే కష్టం దాటి గెలుపుకి చేరిన కథ అని శ్రోతలకి అలవాటైపోయింది. బీథోవెన్ ఐదో సింఫనీ నుంచీ వస్తున్న అలవాటది.

షోస్టకోవిచ్ ఐదో సింఫనీ డి మైనర్‌లో మొదలై డి మేజర్‌లో ముగుస్తుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ మేజర్‌ని నమ్మాలా వద్దా అన్న దగ్గరే పేచీ.

1936 జనవరి 28న పేపర్లో వచ్చిన వ్యాసం

దిమిత్రి షోస్టకోవిచ్ 1906లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. కుర్రతనంలో ఇల్లు గడవడానికి మూకీ సినిమాలకి తెరముందు కూర్చుని పియానో వాయించాడు. చదువు ముగింపు కోసం రాసిన మొదటి సింఫనీ 1926లో లెనిన్‌గ్రాద్‌లో (అప్పటికి పీటర్స్‌బర్గ్ పేరు అలా మారింది) మోగేసరికి వయసు 19. ఒకటి రెండేళ్ళలోనే అది బెర్లిన్‌కీ అమెరికాకీ చేరింది.

1934లో ఆయన ఒపెరా "మ్త్సెన్స్క్ జిల్లా లేడీ మాక్‌బెత్" వచ్చింది. ఒపెరా అంటే మొదటి నుంచి చివరిదాకా పాటగా నడిచే నాటకం. నికొలాయ్ లెస్కోవ్ కథ దీనికి ఆధారం. వ్యాపారి ఇంట్లో ఊపిరాడని ఒక భార్య, ఆమె ప్రేమ, హత్యలు, చివరికి సైబీరియా దారిలో మరణం. రెండేళ్ళు హౌస్‌ఫుల్‌గా ఆడింది. 1936 జనవరి 26న మాస్కో బల్షోయ్ థియేటర్‌కి స్టాలిన్ వచ్చాడు, చివరిదాకా ఉండకుండా లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత పార్టీ పత్రిక ప్రావ్దాలో సంతకం లేని వ్యాసం పడింది. శీర్షిక "సంగీతానికి బదులు గందరగోళం". ఈ ఆట చాలా చెడ్డగా ముగియవచ్చు అని అందులో ఒక వాక్యం ఉంది.

అప్పుడు షోస్టకోవిచ్ కచేరీల కోసం ఉత్తరాన అర్హాంగెల్స్క్‌లో ఉన్నాడు. పేపరు అక్కడే కొనుక్కుని చదివాడు. వయసు 29. పది రోజులు తిరక్కుండానే ఆయన బ్యాలే మీద అదే పత్రికలో ఇంకో దెబ్బ పడింది.

ఆ వాక్యం ఎంత బరువైనదో తర్వాతి ఏడాదిన్నర చెబుతుంది. ఆయన్ని ఆదుకుంటూ వచ్చిన మార్షల్ తుఖాచెవ్‌స్కీని 1937 మేలో పట్టుకెళ్ళి జూన్‌లో కాల్చేశారు. అక్కయ్య భర్తని అరెస్టు చేశారు, అక్కయ్యని దూరప్రాంతానికి పంపేశారు. అత్తగారిని శిబిరానికి పంపారు. ఐదో సింఫనీ రాసింది 1937 ఏప్రిల్ నుంచి జూలై దాకా, సరిగ్గా ఆ నెలల్లోనే. ఆ తారీఖుల్ని పక్కపక్కన పెట్టి చూశాక నేను ఈ సంగీతాన్ని ఎప్పుడూ మామూలుగా వినలేకపోయాను.

ఫార్మలిజం: అందరికీ తెలిసినట్టుండి ఎవరూ నిర్వచించలేని నేరం

ఆయన మీద మోపిన నేరం పేరు ఫార్మలిజం, తెలుగులో రూపవాదం. మన దగ్గర అభ్యుదయ రచయితల కాలంనుంచీ వస్తువు ముఖ్యమా శిల్పం ముఖ్యమా అని వాదనలు నడిచాయి కాబట్టి ఈ మాట తెలుగు సాహిత్యం చదివేవాళ్ళకి పరిచయమే. వస్తువుని వదిలేసి రూపంతో ప్రయోగాలు చేసుకోవడం రూపవాదం. దానికి ఎదురుగా నిలబెట్టింది సోషలిస్టు వాస్తవికత: ప్రజలకి అర్థం కావాలి, ఆశ కలిగించాలి, భవిష్యత్తు వైపు చూపించాలి.

కథకో నవలకో ఈ కొలబద్ద ఎలాగోలా సరిపోతుంది. పాత్ర ఏం చేసింది, చివరికి ఎవరు గెలిచారు అని చూడొచ్చు. వయొలిన్ పలికిన స్వరంలో వస్తువేది, రూపమేది? జవాబు లేని ప్రశ్న కాబట్టి, ఏది ఫార్మలిజమో తేల్చే అధికారం మొత్తం విమర్శకుడి చేతికి, అతని వెనకున్న పార్టీ చేతికి వెళ్ళిపోయింది. ఇందులోనే ఒక సందు కూడా ఉంది. సంగీతంలో నేరం రుజువు చేయడం ఎంత కష్టమో, విధేయత రుజువు చేయడమూ అంతే కష్టం.

నాలుగోది దాచి, ఐదోది ఇచ్చి

ప్రావ్దా దెబ్బ తగిలేనాటికి ఆయన నాలుగో సింఫనీ మధ్యలో ఉన్నాడు. వందమందికి పైగా వాయించాల్సిన, గంటసేపు నడిచే రచన. 1936 మేలో పూర్తిచేశాడు, డిసెంబర్‌లో రిహార్సళ్ళు మొదలయ్యాయి, ప్రదర్శనకి ముందు వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత 1937 నవంబర్ 21న లెనిన్‌గ్రాద్‌లో ఐదోది మోగింది. కండక్టర్ యెవ్గేనీ మ్రావిన్‌స్కీ, అప్పటికింకా పెద్ద పేరు లేనివాడు. రిహార్సళ్ళలో వేగాల గురించి అడిగితే షోస్టకోవిచ్ నోరు విప్పేవాడు కాదట. ఆయన చేత మాట్లాడించడానికి మ్రావిన్‌స్కీ కావాలనే పియానో మీద తప్పు వేగంతో వాయించేవాడు. అప్పుడు కోపం వచ్చి సరిదిద్దేవాడట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మూడో భాగం, లార్గో, నెమ్మదిగా నడిచేది. అందులో బాకాలన్నిటినీ ఆయన నోరుమూయించాడు. వయొలిన్లని మామూలుగా రెండు వరసలు చేస్తారు, ఇక్కడ మూడు చేశాడు. ఆ సన్నని దారాల మీద ఒక్కో పిల్లనగ్రోవి, ఒక్కో ఒబో ఒంటరిగా వచ్చి పలికి వెళ్ళిపోతాయి. హాల్లో జనం బాహాటంగా ఏడ్చారని అక్కడున్నవాళ్ళు రాశారు. ఆ ఏడాది లెనిన్‌గ్రాద్‌లో ఎవరి ఇంట్లోనో ఒకరు మాయమవుతున్నారు, ఏడవడానికి చోటు లేదు. మాటల్లేని సంగీతం ఆ చోటిచ్చింది. ముగిశాక చప్పట్లు అరగంట దాటి మోగాయి, మ్రావిన్‌స్కీ స్కోరుని తల పైకెత్తి చూపించాడు.

పార్టీకి కూడా నచ్చింది. "న్యాయమైన విమర్శకి సోవియట్ కళాకారుడి సృజనాత్మక సమాధానం" అన్న మాట దానికి అతుక్కుపోయింది. ఈ మాట స్కోరు మీద ఉందనీ షోస్టకోవిచ్ పెట్టిన ఉపశీర్షిక అనీ చాలాచోట్ల రాస్తుంటారు. అది పొరపాటు. ఒక విలేకరి అన్న మాట అది. 1938 జనవరిలో తన పేరు మీద వచ్చిన వ్యాసంలో షోస్టకోవిచ్ దాన్ని ఒప్పుకున్నట్టు కనిపిస్తాడు. కాదనే వీలు ఆయనకి ఉందా అన్నది వేరే సంగతి.

రచయిత అలెక్సేయ్ తొల్‌స్తోయ్ ఇందులో ఒక వ్యక్తిత్వం రూపుదిద్దుకోవడం విన్నానని పొగుడుతూ రాశాడు. అధికారిక వ్యాఖ్యానం దాదాపు అదే అయింది: తప్పటడుగులు వేసిన మేధావి బాధపడి, చివరికి సమాజంతో కలిసి వెలుగులోకి వచ్చాడు. కానీ అదే రోజుల్లో అలెగ్జాందర్ ఫదేయెవ్, పార్టీకి నమ్మినబంటు అయిన రచయిత, తన డైరీలో ఇంకోలా రాసుకున్నాడు. ముగింపు పరిష్కారంలా లేదు, పండగలా అసలే లేదు, ఎవరి మీదో శిక్షలా పగలా వినిపిస్తోంది అని. ఇప్పటి వాదంలో నాకు ఎక్కువ విలువైన సాక్ష్యం ఇది. బలవంతపు సంబరం అన్న మాట తర్వాతి తరాలు పుట్టించిందేమీ కాదు. 1938లోనే, అటువైపు మనిషి చెవికే అలా వినిపించింది.

252 పంచమాలు: లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు ఆ చివరి నిమిషం దగ్గరికి వెళ్దాం. బాకాలు పెద్ద గొంతుతో రాగాన్ని పలుకుతుంటే మిగతా ఆర్కెస్ట్రా ఒకటే స్వరాన్ని కొడుతూ ఉంటుంది. ఎ, పాశ్చాత్యుల పేర్లలో లా. డి ని షడ్జమం అనుకుంటే అది పంచమం. ప ప ప ప ప ప ప ప. లెక్కపెట్టినవాళ్ళు 252 సార్లు అంటారు.

ఈ చోటికి స్కోరులో మెట్రొనోమ్ అంకె ఉంది. నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే అంకె అది. చిక్కంతా ఇక్కడే. ఒక ముద్రణలో క్వార్టర్ నోటుకి 188 అని ఉంది. మరో ముద్రణలో ఎయిత్ నోటుకి 184 అని ఉంది. ఎయిత్ నోటు అంటే క్వార్టర్‌లో సగం. ఆ పంచమాలన్నీ ఎయిత్ నోట్లే.

మొదటి ముద్రణ ప్రకారం నిమిషానికి క్వార్టర్లు 188 అంటే ఎయిత్‌లు 376. అప్పుడు 252 పంచమాలు దాదాపు 40 సెకన్లలో అయిపోతాయి. రెండో ముద్రణ ప్రకారం నిమిషానికి 184 మాత్రమే. అవే 252కి 82 సెకన్లు పడుతుంది. రెట్టింపు కన్నా ఎక్కువ. 40 సెకన్లలో మోగితే అది ఉత్సాహం. 82 సెకన్ల పాటు ఒకే స్వరం తలమీద మోగుతుంటే అది ఇంకేదో.

బెర్న్‌స్టయిన్ వేగం వైపు, రోస్ట్రోపోవిచ్ నెమ్మది వైపు. బెర్న్‌స్టయిన్ 1959లో మాస్కోలో వాయించినప్పుడు షోస్టకోవిచ్ హాల్లోనే ఉన్నాడు, వేదికెక్కి ఆయన చెయ్యి కలిపాడు. అయితే వేగమే సరైందా? రోస్ట్రోపోవిచ్ ఆయనకి ఆప్తమిత్రుడు, షోస్టకోవిచ్ రెండు చెల్లో కంచెర్తోలు (ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనలు) అతని కోసమే రాశాడు. అయితే నెమ్మదే సరైందా? రచయిత పక్కన కూర్చుని తయారైన మ్రావిన్‌స్కీ రికార్డింగులు కూడా నెమ్మది వైపే మొగ్గుతాయి. ఇందాక చెప్పిన ఆ పియానో సంగతి గుర్తుంటే, ఆ వేగాలు కోపంలోంచైనా రచయిత నోటివెంట వచ్చినవే అనుకోవచ్చు. నా చెవి ఇటే తూగుతుంది. కానీ ఎదుటివాడు ఎలా వాయించినా బాగుందనే అలవాటున్న మనిషి మెచ్చుకోలుని రుజువుగా తీసుకోవడం ఏ పక్షానికైనా కష్టమే.

వేగాన్ని బట్టి అర్థం మారడం ఒక ఎత్తు. స్వరాల్లోనే ఇంకేమైనా ఉందా అని వెతికినవాళ్ళకి దొరికింది ఇంకో ఎత్తు.

పుష్కిన్ పాటలోంచి వచ్చిన నాలుగు స్వరాలు

నాలుగో భాగం మొదలవగానే డోలు దరువు మీద బాకాలు గట్టిగా నాలుగు స్వరాలు పలుకుతాయి. మన పేర్లలో: మంద్ర పంచమం, షడ్జమం, రిషభం, సాధారణ గాంధారం. ప స రి గ. భాగం మొత్తానికి ఇదే మూలం.

1936–37లో, సింఫనీకి కొంచెం ముందు, షోస్టకోవిచ్ పుష్కిన్ పద్యాలకి నాలుగు పాటలు కట్టాడు. మొదటి పాట పేరు "పునర్జన్మ". ఆ పద్యంలో ఒక అనాగరిక చిత్రకారుడు మహాకళాకారుడి బొమ్మ మీద నిద్రమత్తు కుంచెతో నల్లరంగు పూస్తాడు, తన పిచ్చిగీతలు దాని మీద గీస్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పరాయి రంగు పొలుసుల్లా రాలిపోతుంది, అసలు బొమ్మ పాత అందంతో మళ్ళీ బయటపడుతుంది. అలాగే నా నలిగిన మనసులోంచి భ్రమలు తొలగిపోతున్నాయి అంటాడు పుష్కిన్.

ఆ పాటలో మొదటి మాటలు, "అనాగరిక చిత్రకారుడు" అన్న చోట, ఏ స్వరాల మీద ఉన్నాయో చూస్తే ప స రి గ. అవే నాలుగు. అంతటితో ఆగలేదు. సింఫనీ నాలుగో భాగం నడుమ గోలంతా అణిగి నిశ్శబ్దమైన చోటొకటి వస్తుంది. అక్కడ వినిపించేది ఆ పాటలో భ్రమలు తొలగిపోయే చరణం వెనక నడిచే పియానో వాయింపే. ఒకచోట నాలుగు స్వరాలు కలిస్తే కాకతాళీయం అనొచ్చు. రెండు చోట్లా, అదీ పద్యం నడిచిన వరుసలోనే కలిస్తే అలా అనడం కష్టం.

ఇక చివరి నిమిషంలో బాకాలు పలికేది కూడా ప స రి గ. ఈసారి గాంధారం ఒక మెట్టు పైకెక్కింది, సాధారణ గాంధారం అంతర గాంధారమైంది. మేజర్ అంటే ఇక్కడ అంతే, ఆ ఒక్క మెట్టు. మరి గెలిచిందెవరు? చిత్రకారుడి అసలు బొమ్మా, దానిమీద రంగు పూసిన అనాగరికుడా? ఆ స్వరాలు పుట్టింది అనాగరికుడి పేరు మీద అన్నది గుర్తుంటే ఈ ముగింపు వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

దీనికి ఎదురువాదన బలహీనమైందేం కాదు. 1937లో హాల్లో కూర్చున్నవాళ్ళలో ఆ పాట విన్నవాళ్ళు లేరు, అది అప్పటికింకా బయట పాడలేదు. ఎవరికీ వినబడని రహస్యాన్ని నిరసన అనగలమా? రచయితలు చేతిలో ఉన్న స్వరాలని మళ్ళీ వాడుకోవడం మామూలే అనేవాళ్ళున్నారు. ఈ సింఫనీలో బిజే ఒపెరా "కార్మెన్" ఛాయలు విని, ఆ రోజుల్లో షోస్టకోవిచ్ ప్రేమించి పోగొట్టుకున్న యువతి కార్మెన్ అనే ఇంటిపేరున్న ఆయన్ని పెళ్ళాడింది కాబట్టి ఇది ప్రేమకథ అనేవాళ్ళూ ఉన్నారు. నేను పుష్కిన్ పాట సంబంధాన్ని పూర్తిగా నమ్ముతాను, కళ్ళకి కనిపిస్తోంది కాబట్టి. దాన్నుంచి స్టాలిన్ దాకా గీసే గీత మాత్రం మనం గీసుకుంటున్నదే.

ఏడో సింఫనీ: ఆ దండయాత్ర ఎవరిది

ఇదే చిక్కు ఏడో సింఫనీ దగ్గర ఇంకా పెద్దదైంది. 1941 సెప్టెంబర్‌లో నాజీలు లెనిన్‌గ్రాద్‌ని చుట్టుముట్టారు. మొదటి మూడు భాగాలు ఆ ఊళ్ళోనే రాశాడు, తర్వాత ఆయన్ని విమానంలో తరలించారు, డిసెంబర్‌లో కూయిబిషెవ్‌లో ముగించాడు. స్కోరుని మైక్రోఫిల్మ్ చేసి టెహరాన్, కైరో మీదుగా అమెరికా చేర్చారు. 1942 జూలైలో కండక్టర్ తొస్కనీని అక్కడి రేడియోలో వినిపించాడు.

ఆగస్టు 9న ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాద్‌లోనే కార్ల్ ఎలియాస్‌బెర్గ్ నడిపించాడు. రేడియో ఆర్కెస్ట్రాలో ఆకలితో చనిపోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు చాలక సైన్యం నుంచి వాయిద్యకారులని రప్పించారు. ఊదడానికి ఊపిరి చాలనివాళ్ళకి అదనపు తిండి ఇచ్చారు. జర్మన్ ఫిరంగులు ఆ సాయంత్రం మోగకుండా సోవియట్ ఫిరంగులు ముందే వాటిమీద విరుచుకుపడ్డాయి. సరిగ్గా 33 ఏళ్ళ తర్వాత, 1975లో, అదే ఆగస్టు 9న షోస్టకోవిచ్ చనిపోయాడు.

మొదటి భాగంలో ఒక చిన్న పిచ్చి పాటలాంటి వరుస వస్తుంది. కింద సన్నగా సైడ్ డ్రమ్. వరుస మారదు, వాయిద్యాలు మాత్రం పెరుగుతుంటాయి. పన్నెండు సార్లు అదే, చివరికి చెవులు చిల్లులు పడేంత. ప్రపంచమంతా దీన్ని హిట్లర్ దండయాత్ర అంది. ఆ వరుస యుద్ధానికి ముందే ఆయన మనసులో ఉందనీ, అందులో స్టాలిన్ కూడా ఉన్నాడనీ తర్వాత కొందరన్నారు. ఆ రాత్రి లెనిన్‌గ్రాద్ హాల్లో ఒళ్ళు తూలుతూ కూర్చుని విన్నవాళ్ళకి అది ఎవరి దండయాత్ర అన్నదాంట్లో ఏ అనుమానమూ లేదు. వాళ్ళ అర్థాన్ని కొట్టిపారేసే హక్కు మనకి లేదనుకుంటాను.

రి గ స ని: స్వరాల్లో సంతకం

1948లో మళ్ళీ పిడుగు పడింది. పార్టీ తీర్మానంలో ప్రొకోఫీవ్, ఖచతుర్యాన్‌లతో పాటు ఆయన పేరూ ఫార్మలిస్టుల జాబితాలో చేరింది. కన్సర్వేటరీల్లో ఉద్యోగాలు పోయాయి. అప్పటినుంచి ఆయన పని రెండుగా చీలింది. బయటికి స్టాలిన్‌ని పొగిడే సినిమాలకి సంగీతం, అడవుల పెంపకం మీద కీర్తన. సొరుగులోకి మొదటి వయొలిన్ కంచెర్తో, యూదుల జానపద కవిత్వానికి కట్టిన పాటలు. ఈ రెండూ స్టాలిన్ పోయాక, 1955లోగానీ వేదికెక్కలేదు.

సొరుగు కాలం తర్వాత ఆయన రచనల్లో ఒక సంతకం తరచుగా వినిపిస్తుంది. జర్మన్ పద్ధతిలో ఆయన పేరు రాస్తే డి, ఎస్, సి, హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. జర్మన్లు స్వరాలని పిలిచే పేర్లలో ఆ నాలుగూ ఉన్నాయి: ఎస్ అంటే ఇ ఫ్లాట్, హెచ్ అంటే బి. సి ని షడ్జమం అనుకుంటే రిషభం, సాధారణ గాంధారం, షడ్జమం, కింది కాకలి నిషాదం. రి గ స ని. కీరవాణి తెలిసినవాళ్ళు గొంతులో ఒకసారి పలికి చూడండి, ఆ ముడుచుకుపోయిన బాధ తెలుస్తుంది.

ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ ఈ నాలుగు స్వరాలతోనే మొదలవుతుంది. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో, నలుగురే వాయించేవాళ్ళు. ముందు చెల్లో ఒక్కటే లోగొంతుతో రి గ స ని అంటుంది, తర్వాత వియోలా, తర్వాత వయొలిన్లు. 1960 జూలైలో డ్రెస్డెన్ దగ్గర గోరిష్ అనే ఊళ్ళో మూడు రోజుల్లో రాశాడు. అచ్చులో "ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవారి స్మృతికి" అని ఉంది. డ్రెస్డెన్ బాంబుల్లో కాలిన ఊరు కాబట్టి అందరూ నమ్మారు.

అదే నెల 19న స్నేహితుడు ఇసాక్ గ్లిక్‌మన్‌కి రాసిన ఉత్తరం తర్వాత బయటికొచ్చింది. నేను చచ్చిపోతే నా జ్ఞాపకంగా ఎవరూ క్వార్టెట్ రాయరు, అందుకని నేనే రాసుకున్నాను, అట్ట మీద ఈ క్వార్టెట్ రచయిత స్మృతికి అని వేసుకోవచ్చు అన్న అర్థంలో రాశాడు. లోపల ఏ పాత రచనల ముక్కలున్నాయో కూడా చెప్పాడు: మొదటి సింఫనీ, పియానో ట్రయో, చెల్లో కంచెర్తో, ఒక పాత విప్లవగీతం, ప్రావ్దా ఉతికేసిన ఆ ఒపెరా. పార్టీలో చేరమని ఆయన మీద ఒత్తిడి తెచ్చిందీ, ఆయన చేరిందీ ఆ ఏడాదే.

నాలుగో భాగంలో పొడుగ్గా సాగే ఒక్క స్వరం మీద మూడు దెబ్బలు పడతాయి. డమ్ డమ్ డమ్. డ్రెస్డెన్ మీద బాంబులన్నారు కొందరు. రాత్రిపూట తలుపు కొట్టే రహస్య పోలీసులన్నారు కొందరు. దెబ్బలు ఏవో ఎవరూ తేల్చలేరు. ఆ తర్వాత వచ్చేది మాత్రం తేలిన విషయం. ముందు ఆ విప్లవగీతం, ఘోరమైన నిర్బంధంలో నలిగి చనిపోయినవాడి మీద పాట. తర్వాత చెల్లో తన స్థాయికి మించి పైకెక్కి, ఖైదీగా నడుస్తున్న ఆ ఒపెరా నాయిక తన ప్రియుణ్ణి పిలిచే వరుస పాడుతుంది. మాటలు తీసేసిన పాటకి మాటలు మనకి తెలుసు. ఆయన అర్థం చెప్పదలుచుకున్నప్పుడు ఎలా చెబుతాడో ఇక్కడ చూడొచ్చు.

"టెస్టిమొనీ" వాదం

ఇంత జరిగినా 1979 దాకా బయటి ప్రపంచానికి ఆయన చాలామటుకు నమ్మకమైన సోవియట్ కళాకారుడే. ఆ ఏడాది అమెరికాలో సొలొమన్ వోల్కోవ్ "టెస్టిమొనీ" ప్రచురించాడు. షోస్టకోవిచ్ తనకి చెప్పి రాయించిన జ్ఞాపకాలన్నాడు. ఐదో సింఫనీ ముగింపు కర్రతో కొడుతూ సంతోషించమన్నట్టుంటుందని, పదో సింఫనీ రెండో భాగం స్టాలిన్ బొమ్మ అని అందులో ఉంది. వినేవాళ్ళ చెవులు ఒక్కసారిగా మారిపోయాయి.

మరుసటేడే లారెల్ ఫే అనే పరిశోధకురాలు కొన్ని భాగాలు అంతకుముందే సోవియట్ పత్రికల్లో అచ్చయినవని చూపించింది. షోస్టకోవిచ్ చదివినట్టు సంతకం పెట్టాడని చెప్పే పేజీలే అవి. అంటే పాత వ్యాసాల మీద సంతకం తీసుకుని, పదునైన మాటలు తర్వాత కలిపారా అన్న అనుమానం లేచింది. ఆయన భార్య ఇరీనా ఆ పుస్తకాన్ని ఒప్పుకోలేదు. ఆయన్ని ఎరిగిన సంగీతకారులు కొందరు మాత్రం, మాటలు ఎవరివైనా మనిషి ఇలాగే ఉండేవాడన్నారు. కొడుకు మక్సీమ్ మొదట దూరం పెట్టాడు, తర్వాత కొంత దగ్గరకి తీశాడు.

తర్వాత ఇరుపక్షాలూ లావాటి పుస్తకాలు రాసుకున్నాయి. ఒక పక్షానికి ప్రతి స్వరమూ స్టాలిన్ మీద రహస్య లేఖ. దాన్ని ఎదిరించిన సంగీత చరిత్రకారుడు రిచర్డ్ తరుస్కిన్ లాంటివాళ్ళ అభ్యంతరం, ఇలా చదివితే ఇంత గొప్ప సంగీతం ఒక్క వాక్యానికి కుదించుకుపోతుందని. పాత సోవియట్ విమర్శకులు చేసిందీ అదే, జవాబు మాత్రం తిరగేశారని. ఈ అభ్యంతరంతో నేను ఏకీభవిస్తాను. అయినా గ్లిక్‌మన్ ఉత్తరాలు, ఫదేయెవ్ డైరీ, పుష్కిన్ పాట ఉన్నంతకాలం "టెస్టిమొనీ"ని పూర్తిగా పక్కన పెట్టినా భయం, బాధ, మభ్యపెట్టాల్సిన అవసరం అనే మూడూ ఆ సంగీతంలోంచి పోవు. పోయేది పదో సింఫనీలో స్టాలిన్ బొమ్మ లాంటివే, ఎందుకంటే దానికి ఆ పుస్తకం తప్ప వేరే ఆధారం లేదు.

నాలుగోది వినబడ్డ రోజు

దాచిపెట్టిన నాలుగో సింఫనీ స్కోరు యుద్ధంలో పోయింది. విడివిడి వాయిద్యాల కాగితాలు మిగిలితే వాటినుంచి తిరిగి కూర్చారు. 1961 డిసెంబర్ 30న మాస్కోలో కిరిల్ కొంద్రాషిన్ నడిపించాడు. రాసిన 25 ఏళ్ళకి.

దాని చివరి భాగం ప్రావ్దా వ్యాసం వచ్చాక ముగించిందే. అక్కడ కూడా ముందు పెద్ద హోరు వస్తుంది, గెలుపులాంటి మోత. ఐదో సింఫనీ అక్కడితో ఆగిపోతుంది. నాలుగోది ఆగదు. మోత కూలిపోతుంది, తీగవాయిద్యాలు సి మైనర్‌ని నిమిషాల తరబడి వదలకుండా పట్టుకుంటాయి, కింద గుండెలా ఒక దరువు. పైన సెలెస్టా అనే చిరుగంటల శబ్దమిచ్చే మీటల వాయిద్యం, గాజుగ్లాసుని గోటితో తట్టినంత సన్నగా, ఒక్కో స్వరం వదులుతుంది. గాంధారం పైకెక్కదు.